సాంబ సాంబలాగే ఉండాలి

(వ్యవసాయ విద్యార్థులు, రైతులు కలిసి కూర్చున్న సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. నిలబడ్డవాళ్లు కూడా ముందుకు వచ్చి కూర్చోండి, ఖాళీలున్నాయి.

ముందు ఈ అట్టముక్క చూడండి. వెనక వరస దాకా చేతులు మారనివ్వండి. దీని మీద రెండు వరి ఆకులు అతికించాను. ఎండాకు తెగులు తెచ్చే బ్యాక్టీరియాను నీళ్లలో కలిపి, అందులో కత్తెర ముంచి, ఈ రెండు ఆకుల కొసలూ ఒకే పూట కత్తిరించాం. పదిహేను రోజులాగి కోశాం. ఎడమవైపు ఆకు కొస నుంచి జానెడు పొడవున ఎండిపోయింది. ఆ ఎండిన భాగం అంచు అలలా వంకర తిరిగి ఉంటుంది, వేలితో తడిమి చూడండి. కుడివైపు ఆకు కత్తెర పడ్డచోట గోరంత ఎండి అక్కడితో ఆగిపోయింది. కింద అంతా పచ్చగానే ఉంది.

ఎడమది సాంబ మసూరి. కుడిది కూడా సాంబ మసూరే. రెండింటికీ ప్రధానమైన తేడా మూడు జన్యువులు. వరి మొక్కలో జన్యువులు సుమారు 40 వేలు ఉంటాయి. ఈ సాయంత్రం ఆ మూడింటి గురించి, వాటితోపాటు ఇంకో రెండు మూడింటి గురించి మాట్లాడతాను. నిజానికి ఇంకా గట్టిగా చెప్పాలనుకుంటున్నది, మేం ముట్టుకోకుండా వదిలేసిన మిగతా జన్యువుల గురించి.

ఈ మాట నాకు నేర్పింది ఒక రైతు. నేను పరిశోధనలో చేరిన కొత్తలో, పొలం గట్టు మీద నిలబడి తెగులు తట్టుకునే వంగడాల గురించి ఉత్సాహంగా చెప్పుకుంటూ పోతున్నాను. ఆ పెద్దాయన అంతా విని, “బాగానే ఉందమ్మా. అన్నం ఎలా ఉంటుంది? మిల్లులో నూక ఎంత పడుతుంది? పంట ఎన్నాళ్లకొస్తుంది?” అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. “మా సాంబ సాంబలాగే ఉండాలి తల్లీ. తెగులొక్కటే పోవాలి” అన్నారు. ప్రయోగశాలలో మేం పడే పాట్లన్నీ ఆ రెండు వాక్యాల కోసమే అని నాకు అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది.

సాంబ మసూరి అంటే బీపీటీ 5204. బాపట్లలో తయారై 1986లో విడుదలైంది. దాని వంశంలో మూడు పేర్లున్నాయి. జీఈబీ 24 అనేది కోయంబత్తూరులో 1921 నాటి పాత రకం, సన్నగింజకు, అన్నం నాణ్యతకు పెట్టింది పేరు. టీఎన్ 1 తైవాన్ పొట్టి రకం. మసూరి మలేసియా నుంచి వచ్చింది. మూడు చోట్ల పుట్టిన గుణాలు ఒక్క గింజలో కుదురుకున్నాయి. అలాంటి కూర్పు మళ్లీ కుదరడం కష్టం. అందుకే రైతు దాన్ని వదులుకోడు, తినేవాళ్లూ వదులుకోరు. కానీ ఎండాకు తెగులు వచ్చిందంటే సాంబ నిలబడలేదు.

ఈ తెగులు తెచ్చే బ్యాక్టీరియా ఆకు అంచుల్లో నీరు చిమ్మే సన్నటి రంధ్రాల నుంచి, గాయాల నుంచి లోపలికి దూరుతుంది. నీటి గొట్టాల్లో చేరి పెరుగుతుంది. గాలివానకు ఆకులు ఒరుసుకుని చీలితే దానికి తలుపులు తెరిచినట్టే. నారు కొసలు తుంచి నాటే అలవాటున్నవాళ్లు ఈ తెగులు ఉన్నచోట దయచేసి ఆ పని మానండి. తుంచిన ప్రతి కొసా ఒక గాయమే. పైగా బ్యాక్టీరియా నీటి గొట్టాల్లోకి వెళ్లాక మందు కొట్టి దాన్ని అదుపు చేయడం చాలా కష్టం. మొక్కే తట్టుకోవాలి.

తట్టుకునే శక్తి ఎక్కడుంది? ఒకటి ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరిలో దొరికింది. ఆ మొక్కను చూస్తే వరి అని పోల్చుకోవడమే కష్టం. దుంపవేళ్లతో పాకుతుంది, గింజ పండగానే రాలిపోతుంది. దానిలోని ఆ ఒక్క జన్యువును ఎక్స్‌ఏ21 అంటారు. దాని డీఎన్‌ఏ అక్షరాలను విడదీసి చదివింది 1995లో, అమెరికాలో పమేలా రోనాల్డ్ బృందం. కణం గోడకు లోపల ఉండే పొరలో నాటుకుని, సగం బయటికి, సగం లోపలికి ఉండే ప్రోటీన్ అది. బయటి సగం బ్యాక్టీరియా వదిలే ఒక ముక్కను పసిగడుతుంది, లోపలి సగం కణానికి ఆ సంగతి చేరవేస్తుంది. కాపలా మనిషి అనుకోండి.

రెండోది ఎక్స్‌ఏ13. నాకు అన్నిటికంటే ఇష్టమైన జన్యువు ఇదే, దీని దగ్గర కొంచెం ఆగుతాను. వరి కణాల్లో చక్కెరను బయటికి పంపే తూములు కొన్ని ఉంటాయి. పువ్వులో పుప్పొడి ఎదగడానికి అలాంటి తూము ఒకటి అవసరం. ఆకులో దాంతో పెద్దగా పనిలేదు, కాబట్టి అక్కడ అది దాదాపు మూసే ఉంటుంది. బ్యాక్టీరియా ఏం చేస్తుందంటే, సూదిలాంటి తన గొట్టంతో ఒక ప్రోటీన్‌ను ఆకు కణంలోకి ఎక్కిస్తుంది. ఆ ప్రోటీన్ నేరుగా కణం కేంద్రకంలోకి వెళ్లి, ఈ తూము జన్యువుకు ముందుండే అక్షరాల వరసను వెతికి పట్టుకుని, దాని మీద కూర్చుని జన్యువును పని చేయిస్తుంది. తూము తెరుచుకుంటుంది. చక్కెర బయటికి కారుతుంది, బ్యాక్టీరియాకు విందు. మన మొక్క జన్యువును మన మొక్క మీదికే తిప్పుతోందన్నమాట! కొన్ని పాత వరి రకాల్లో ఆ ముందు వరసలోని అక్షరాలు ప్రకృతిలోనే మారిపోయాయి. బ్యాక్టీరియా తాళంచెవి అక్కడ పట్టదు. తూము తెరుచుకోదు. పువ్వులో మాత్రం దాని పని అది చేసుకుంటుంది. ఎక్స్‌ఏ13 అంటే ఇదే. దానిలో ప్రత్యేకమైన విషం లేదు, ఆయుధం లేదు. శత్రువుకు తాళం పట్టకపోవడమే రక్షణ.

మూడోది ఎక్స్‌ఏ5. జన్యువులను పని చేయించే యంత్రాంగంలో ఒక చిన్న భాగం ఇది. దానిలో ఒక్క అమైనో ఆమ్లం మారింది. ఆ మార్పుతో బ్యాక్టీరియా పంపే ప్రోటీన్లకు ఆ యంత్రాంగం మీద పట్టు సడలుతుంది.

ఒక్కటి చాలదా, మూడెందుకు అని అడుగుతారు. బ్యాక్టీరియా కోట్లలో పుడుతుంది. కోట్లలో ఒకటి మారి కాపలా మనిషి కన్నుగప్పిందంటే చాలు, మరుసటి ఏడాది పొలమంతా దాని సంతానమే. మూడు వేర్వేరు పద్ధతుల్లో అడ్డు పడితే, ఒకే బ్యాక్టీరియా మూడింటినీ ఒకేసారి దాటాలి. అది చాలా అరుదు. అసాధ్యం అని మాత్రం నేను అనను, ఎవరైనా అలా అంటే నమ్మకండి.

ఇప్పుడు ఈ మూడింటినీ సాంబలోకి ఎలా తేవాలి? పద్ధతి పాతదే, సంకరణం. సాంబ పువ్వులో ఆరు కేసరాలూ తీసేసి, మూడు జన్యువులున్న రకం పుప్పొడి రాలుస్తాం. పుట్టిన మొక్క సగం సాంబ, సగం ఆ రెండోది. దాన్ని మళ్లీ సాంబతో కలిపితే సగటున 75 శాతం సాంబ. ఇంకోసారి కలిపితే 87.5. మూడోసారికి 93.75. నాలుగోసారికి దాదాపు 97. దీన్ని బ్యాక్‌క్రాస్ అంటాం. ప్రతిసారీ సాంబ వైపు జరుగుతూ, ఆ మూడింటిని మాత్రం జారవిడవకుండా పట్టుకోవాలి.

పట్టుకోవడమే కష్టం. ఎక్స్‌ఏ13, ఎక్స్‌ఏ5 రెండూ బలహీన రకం జన్యువులు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు ప్రతులూ ఉంటేనే వాటి ఫలితం పైకి కనిపిస్తుంది. బ్యాక్‌క్రాస్ మొక్కలో ఒక్క ప్రతే ఉంటుంది, అంటే ఉండీ కనిపించదు. మరోపక్క ఎక్స్‌ఏ21 బలమైనది, ఒక్క ప్రతి ఉన్నా మొక్క తట్టుకుంటుంది. అది ఉన్న మొక్కను కత్తెరతో పరీక్షిస్తే ఆకు పచ్చగానే ఉంటుంది. మిగతా రెండూ ఉన్నాయో జారిపోయాయో ఆ ఆకు చెప్పదు. కొత్త వంగడాలు తయారుచేయడంలో ఎంత అనుభవం ఉన్నవాళ్లైనా కంటితో చూసి చెప్పలేరు. ఇక్కడే మాలిక్యులర్ బయాలజీ లేనిదే పని జరగదు.

విద్యార్థుల కోసం ఆ పని ఎలా ఉంటుందో చెబుతాను. నారుమడిలో ఉండగానే ఒక్కో మొక్క నుంచి వేలెడంత లేత ఆకు తుంచుతాం. మొక్కకూ సంచికీ ఒకే నంబరు వేయాలి. నేను మొదట్లో ఒకసారి రెండు ట్రేల నంబర్లు తారుమారు చేశాను. ఆ తరం మొక్కలన్నిటికీ పరీక్ష మళ్లీ చేయాల్సి వచ్చింది, ఓ వారం టెన్షన్‌తో నిద్రలేదు. ఆకును రోట్లో వేసి ద్రవ నైట్రోజన్ పోస్తే, అది మైనస్ 196 డిగ్రీల చలికి పెళుసెక్కి, రోకలి తగలగానే పచ్చటి పొడి అయిపోతుంది. కణాలను విచ్ఛిన్నం చేసే సీటాబ్ అనే ద్రావణాన్ని వేడి చేసి, అందులో ఆ పొడి కలిపి, క్లోరోఫాం వేసి తిప్పితే, ఆకులోని ప్రోటీన్లు, పచ్చదనం కిందికి పోయి పైన తేటనీరు నిలుస్తుంది. ఆ నీటిని వేరే గొట్టంలోకి తీసి చల్లటి ఐసోప్రొపనాల్ కలిపి నెమ్మదిగా తలకిందులు చేయండి. తెల్లటి సన్నటి నూలుపోగులు తేలుతాయి. అదే డీఎన్‌ఏ. ఎన్ని వందలసార్లు చూశానో, ఇప్పటికీ ఆ పోగులు తేలే క్షణంలో చేతులు ఆగిపోతాయి.

అక్కడి నుంచి పీసీఆర్. జన్యువుకు ఆనుకుని ఉండే చిన్న ముక్కను గుర్తుగా పెట్టుకుని, దాన్ని కోట్ల ప్రతులుగా పెంచుతాం. ఆ గుర్తునే మార్కర్ అంటాం. జెల్ అనే మెత్తటి పలకలో వేసి కరెంటు పెడితే చిన్న ముక్కలు ముందుకు పోతాయి, పెద్దవి వెనకబడతాయి. ఎక్స్‌ఏ21కి వాడే మార్కర్‌లో అడవి వరి నుంచి వచ్చిన గీత సుమారు 950 అక్షరాల దగ్గర, సాంబ గీత 700 దగ్గర కనిపిస్తాయి. రెండు గీతలూ ఉన్న మొక్క కావాలి, మిగతావి తీసేస్తాం. మొక్క పూతకు రాకముందే, తెగులు సోకకముందే ఏది ఉంచాలో తేలిపోతుంది.

హైదరాబాద్‌లో వరి పరిశోధన సంచాలనాలయం, సీసీఎంబీ అనే కణ, అణు జీవశాస్త్ర కేంద్రం శాస్త్రవేత్తలు కలిసి సరిగ్గా ఇదే పని చేశారు. నాలుగు బ్యాక్‌క్రాస్‌లు, ప్రతి తరంలో మార్కర్లు, పొలంలో కత్తెర పరీక్షలు, ఆపైన గింజ నాణ్యత పరీక్షలు. ఇంప్రూవ్డ్ సాంబ మసూరి 2008లో విడుదలైంది. అట్ట మీది కుడివైపు ఆకు దానిదే. ఇది జన్యుమార్పిడి పంట కాదని కొందరికి తెలియదు. వరిని వరితోనే కలిపారు. డీఎన్‌ఏ పరీక్ష మొక్కను ఎంచుకోవడానికే వాడారు, మొక్కలోకి బయటి నుంచి ఏదీ చొప్పించలేదు.

అయితే జన్యువు ఒక్కటే రాదు. క్రోమోజోమ్ అనే తాడు మీద దాని అటూ ఇటూ ఉన్న ఇరుగుపొరుగును కూడా వెంటపెట్టుకుని వస్తుంది. దీనికి స్వర్ణను మించిన ఉదాహరణ నాకు తెలియదు.

స్వర్ణ అంటే ఎంటీయూ 7029, మార్టేరు రకం. ఆంధ్రాలోనే కాదు, ఒడిశా, బెంగాల్ పల్లాల్లో కూడా లక్షల ఎకరాల్లో వేశారు. ముంపు వస్తే మాత్రం వారం పది రోజులు నీళ్లకింద ఉండి కుళ్లిపోయేది. ఒడిశాలో ధల్‌పుటియా అనే నాటు రకం ఉండేది. దాని నుంచి ఎంపిక చేసిన ఎఫ్‌ఆర్ 13ఏ రెండు వారాలు మునిగినా తేరుకుంటుంది, కానీ దిగుబడి తక్కువ, గింజ బాగుండదు. ఆ శక్తి 9వ క్రోమోజోమ్ మీద ఉందని 1996లో తేలింది, ఆ చోటికి సబ్1 అని పేరు, అందులోని సబ్1ఏ అనే జన్యువును 2006లో గుర్తించారు.

ఇది ఎలా పనిచేస్తుందో వింటే రైతులకు వెంటనే అర్థమవుతుంది. మునిగిన మొక్కలో ఇథిలీన్ వాయువు బయటికి పోలేక పోగవుతుంది. మామూలు వరి ఆ సంకేతం అందుకుని, ఎలాగైనా నీళ్లపైకి తల పెట్టాలని గబగబా సాగుతుంది. దాచుకున్న పిండిపదార్థమంతా ఆ పరుగులో ఖర్చయిపోతుంది. నీళ్లు తీసేసరికి నిలబడే ఓపిక ఉండదు, ఒరిగి చచ్చిపోతుంది. సబ్1ఏ ఉన్న మొక్క అదే సంకేతానికి ఎదుగుదల ఆపేసి, ఉన్నది పొదుపుగా వాడుకుంటూ ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటుంది. లోతునీటి వరిలో స్నార్కెల్ అనే జన్యువులున్నాయి, 2009లో జపాన్ వాళ్లు కనుగొన్నారు. అవీ సబ్1ఏ కుటుంబానివే, అదే ఇథిలీన్‌కు స్పందిస్తాయి. కానీ వాటి జవాబు పూర్తిగా తిరుగుడు, మొక్కను మీటర్ల కొద్దీ సాగదీస్తాయి. నెలల తరబడి నీళ్లు నిలిచేచోట సాగడం మంచిది, వచ్చిపోయే వరదకు ఆగడం మంచిది. ఏ జన్యువు గొప్పది అనే ప్రశ్నే తప్పు, ఏ నీటికి అని అడగాలి.

తొట్టెలో చేసే ముంపు పరీక్ష నేను చూశాను. రెండు వారాల తర్వాత నీళ్లు వదిలేస్తే రెండు రకాలూ బురదకు అంటుకుని ఒకేలా పడి ఉంటాయి. చూసినవాళ్లు రెండూ పోయాయనే అనుకుంటారు. కొన్ని రోజులాగితే సబ్1 వరసలో దుబ్బు మధ్య నుంచి సూదిమొనలాంటి లేత ఆకు లేస్తుంది. పక్క వరసలో లేవదు.

స్వర్ణలోకి సబ్1 తెచ్చే పని ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో జరిగింది. ఆ పని మీద 2007లో వచ్చిన పరిశోధన పత్రానికి మొదటి రచయిత మన హైదరాబాద్ శాస్త్రవేత్త సి.ఎన్. నీరజ. వాళ్లు మార్కర్లతో మూడు పనులు చేశారు. సబ్1 ఉన్న మొక్కను ఎంచుకున్నారు, సబ్1కి రెండు వైపులా వీలైనంత దగ్గర్లో తెగిన మొక్కను ఎంచుకున్నారు, మిగతా క్రోమోజోములన్నీ స్వర్ణవే ఉన్న మొక్కను ఎంచుకున్నారు. అందువల్ల రెండు మూడు బ్యాక్‌క్రాస్‌లతోనే పని తీరింది. స్వర్ణ సబ్1 మన దేశంలో 2009లో విడుదలైంది.

అంత జాగ్రత్తగా చేసినా ఒక పొరుగుజన్యువు వెంట వచ్చేసింది. స్వర్ణ వడ్లు బంగారు గోధుమరంగులో ఉంటాయి. స్వర్ణ సబ్1 వడ్లు గడ్డిరంగులో ఉంటాయి. ఊక రంగును మార్చే జన్యువు సబ్1 పక్కనే ఉండటంతో రెండూ కలిసే వచ్చాయి. అన్నానికీ దిగుబడికీ దాంతో నష్టం లేదు, రెండు విత్తనాలు కలవకుండా గుర్తుపట్టడానికి పనికొచ్చింది కూడా. అయినా నేను ప్రతి తరగతిలోనూ ఆ రెండు వడ్లను అరచేతిలో పెట్టి చూపిస్తాను. ఈసారి పక్కన ఉన్నది ఊక రంగు. ఇంకోసారి గింజ రాలిపోయే గుణమో, అన్నం బిరుసెక్కే గుణమో ఉండొచ్చు.

సంకరణానికి అందని జన్యువుల కోసం వచ్చింది జన్యుమార్పిడి. నేలలోని అగ్రోబ్యాక్టీరియం తన డీఎన్‌ఏ ముక్కను మొక్క కణంలో పెట్టగలదని గ్రహించి, 1983లో దాని చేతే కావలసిన జన్యువులను మొక్కల్లోకి పంపారు. పురుగును చంపే బ్యాక్టీరియా జన్యువును పెట్టిన బీటీ పత్తికి మన దేశంలో 2002లో అనుమతి వచ్చింది. మొదట్లో కాయతొలుచు పురుగుల మీద బాగా పనిచేసింది. తర్వాత గులాబీరంగు పురుగు దాన్ని తట్టుకోవడం నేర్చుకుంది, రెండు బీటీ జన్యువులున్న పత్తిని కూడా. ఆ బాధ ఇక్కడ కూర్చున్న పత్తి రైతులకు నేను చెప్పక్కర్లేదు. బీటీకి లొంగే పురుగులు కూడా మిగిలేలా చుట్టూ మామూలు పత్తి వరసలు వేయాలన్న నియమం కాగితం మీదే మిగిలిపోవడం దానికి ఒక పెద్ద కారణమని నా అభిప్రాయం. ఎండాకు తెగులుకు మూడు జన్యువులు ఎందుకన్న ప్రశ్నకు ఇది ఇంకో జవాబు.

ఇప్పుడు అందరూ అడిగేది జన్యు సవరణ. 2012లో జెన్నిఫర్ డౌడ్నా, ఇమ్మాన్యుయెల్ షార్పెంటియే చూపించిన క్రిస్పర్ పద్ధతి ఇది, 2020లో వాళ్లకు నోబెల్ వచ్చింది. 20 అక్షరాల చిరునామా రాసిన ఆర్‌ఎన్‌ఏ, దాని వెంట క్యాస్9 అనే కత్తెర. చిరునామా కలిసినచోట డీఎన్‌ఏను కత్తిరిస్తుంది. కణం దాన్ని అతికించుకునేటప్పుడు ఒకటి రెండు అక్షరాలు జారిపోతే జన్యువు ఆగిపోతుంది. పని అయ్యాక మరుసటి తరంలో కత్తెర జన్యువు లేని మొక్కలను ఏరుకుంటాం. సవరణ మిగులుతుంది, కత్తెర మిగలదు. ఇలా బయటి డీఎన్‌ఏ మిగలని సవరణలకు జన్యుమార్పిడి పంటల నియమాల్లో కొన్నిటి నుంచి 2022 మార్చిలో కేంద్రం మినహాయింపు ఇచ్చింది.

2025 మే నెలలో మన దేశం రెండు సవరించిన వరి రకాలను ప్రకటించింది. రెండిటి మూలాలూ తెలుగు నేలవే. ఒకటి సాంబ మసూరి నుంచి వచ్చిన డీఆర్‌ఆర్ ధాన్ 100, కమల అని పేరు. వెన్ను పెరిగేటప్పుడు సైటోకైనిన్ అనే హార్మోన్‌ను కరిగించే జన్యువును అందులో సవరించారు. హార్మోన్ ఎక్కువసేపు నిలిస్తే వెన్నుకు గింజలు పెరుగుతాయి. రెండోది కాటన్‌దొర సన్నాలు, అంటే ఎంటీయూ 1010 నుంచి వచ్చిన పూసా డీఎస్‌టీ రైస్ 1. చౌడును తట్టుకోవడం కోసం డీఎస్‌టీ జన్యువును సవరించారు.

వెంట పొరుగుజన్యువులు రాకుండా ఒక్క జన్యువు మార్చడానికి ఇంతకంటే దగ్గరి దారి ఇంతవరకూ లేదు, అందుకే నాకు ఇది చాలా సంతోషం. అలాగని కళ్లు మూసుకోమని అనను. కత్తెర వేరేచోట కూడా తెగిందేమో మొత్తం జన్యుపటం చదివి చూడాలి. ఏ ఏడాది, ఏ కేంద్రంలో ఎంత పండిందో లెక్కలన్నీ బయట పెట్టాలి, అడిగినవాళ్లకు విసుక్కోకుండా జవాబివ్వాలి. అన్నం వండి చూడాలి. ఇంకో సంగతి. వర్షాభావం తట్టుకోవడం, దిగుబడి లాంటివి ఎన్నో జన్యువులు కలిసి నడిపే గుణాలు. ఒక్క కత్తిరింపుతో కరువు పోతుందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

విద్యార్థులకు ఒక్క మాట. క్రిస్పర్ కిట్ కొనుక్కోవచ్చు. ధల్‌పుటియాను కొనలేం. ఎవరో రైతులు తరతరాలుగా ముంపు నేలలో వేసుకుంటూ వచ్చారు, ఎవరో ఆ గింజలు సేకరించి డబ్బాలో దాచారు. దాచినప్పుడు వాళ్లకు సబ్1ఏ పేరు తెలియదు. మీ ఊళ్లో ఎవరి గాదెలోనైనా పాత రకం ఉంటే గుప్పెడు గింజలు, పేరు, ఏ నేలలో పండేదో రాసి, పాత విత్తనాలు దాచే జన్యునిధికి చేర్చండి.

అట్ట తిరిగి నా దగ్గరికి వచ్చింది, థాంక్స్. ఈ సభకు వచ్చేముందు మన ప్లాట్‌లో ఒక సాంబ వెన్నులో కేసరాలు తీసి, బటర్ పేపర్ సంచి కట్టి వచ్చాను. రేపు పొద్దున 10 గంటల ప్రాంతంలో పక్క వరసలో పూత విప్పుకుంటుంది. ఒక్కో పువ్వు గంటసేపే తెరిచి ఉంటుంది, ఆలస్యం చేయకండి. రావాలనుకున్నవాళ్లు గట్టు దగ్గరికి వచ్చేయండి. పుప్పొడి మీ చేతులతోనే రాల్పిస్తాను.